జపాన్‌లో ఏ రైలు ఎవరిది?

జపాన్ ప్రయాణానికి సిద్ధమయ్యే తెలుగువారిని ముందుగా కలవరపెట్టేవి భాష, భోజనం. ఈ రెండూ అక్కడ దిగాక చాలావరకు సర్దుకుంటాయి. స్టేషన్ల పేర్లు ఇంగ్లీషులోనూ రాసి ఉంటాయి, పెద్ద నగరాల్లో భారతీయ భోజనశాలలకు కొదవ లేదు. మొదటిసారి వెళ్ళినవారిని నిజంగా తికమకపెట్టేది రైలు టికెట్టు. ఒక గేటు దగ్గర పనిచేసిన పాసు ఎదుటి గేటు దగ్గర ఎందుకు చెల్లదో, చేతిలో టికెట్టు ఉన్నా రైల్లో మళ్ళీ డబ్బు ఎందుకు అడుగుతారో, ఎక్కిన రైలు దిగకపోయినా చార్జీ రెండు మూడు ముక్కలుగా ఎందుకు పడుతుందో వారికి అంతుబట్టదు. ఈ ప్రశ్నలన్నింటికీ మూలం ఒకటే. జపాన్‌లో రైల్వే అనే ఒకే సంస్థ లేదు. ఏ పట్టాలు ఎవరివో తెలిసినవారికి టికెట్లు, పాసులు, కార్డులు, చివరకు స్టేషన్ గేట్ల అమరిక కూడా అర్థవంతంగా కనిపిస్తాయి.

మనకు ఇది కొత్తగా తోచడం సహజం. విజయవాడలో ఎక్కినా వారణాసిలో ఎక్కినా మన టికెట్టు భారతీయ రైల్వేదే. దారిలో ఎన్ని జోన్లు మారినా ప్రయాణికుడికి ఆ సంగతితో పని ఉండదు. జపాన్‌లో 1872లో షింబాషి, యోకొహామాల మధ్య మొదటి రైలు నడిచింది. ఆ తరువాత దేశమంతటా ప్రైవేటు కంపెనీలు మార్గాలు వేశాయి. 1906లో చేసిన చట్టంతో ప్రభుత్వం ప్రధాన మార్గాలను స్వాధీనం చేసుకుంది గాని, నగరాల చుట్టూ తిరిగే ప్రైవేటు రైళ్ళ జోలికి పెద్దగా పోలేదు. అవి అలాగే పెరిగి పెద్దవయ్యాయి. 1949లో ఏర్పడిన జపాన్ జాతీయ రైల్వే సుమారు 37 లక్షల కోట్ల యెన్ల అప్పులో కూరుకుపోవడంతో 1987 ఏప్రిల్ 1న దాన్ని విడగొట్టారు. హొక్కైడో, తూర్పు, మధ్య, పశ్చిమ, షికోకు, క్యూషూ అని ఆరు ప్రయాణికుల కంపెనీలు, సరుకు రవాణాకు ఒక కంపెనీ పుట్టాయి. వీటన్నింటికీ ఉమ్మడిగా మిగిలిన పేరు ‘జేఆర్’. విదేశీయులు జేఆర్‌ను దేశపు రైల్వేగా భావిస్తారు గాని, అది ఈ ఏడు కంపెనీలకు ఉన్న ఇంటిపేరు మాత్రమే. వీటి పక్కనే టోక్యో చుట్టూ కెయ్‌సెయ్, కెయ్‌క్యూ, ఒదాక్యూ, తోబు, సెయ్‌బు, ఒసాకా చుట్టూ హాంక్యూ, హాన్‌షిన్, కెయ్‌హాన్, కిన్‌తెత్సు వంటి ప్రైవేటు రైల్వేలు, వాటికి తోడు నగరాల భూగర్భ రైళ్ళు ఉన్నాయి. హైదరాబాద్‌లో ఎంఎంటీఎస్, మెట్రో, ఆర్టీసీ దేని టికెట్టు దానిదైనట్టే అక్కడా ఎవరి చార్జీ వారిది. కాకపోతే అక్కడ ఆ సంస్థలు పదుల సంఖ్యలో ఉన్నాయి, వాటి రైళ్ళు ఒకరి పట్టాల మీద నుంచి మరొకరి పట్టాల మీదికి సాగిపోతాయి కూడా.

బయలుదేరే ముందు

వీసా సంగతి ఇప్పుడు కొంత తేలికపడింది. 2024 ఏప్రిల్ 1 నుంచి భారతదేశంలో నివసించేవారికి పర్యాటక వీసాను ఎలక్ట్రానిక్ రూపంలో ఇస్తున్నారు. దరఖాస్తు వీఎఫ్ఎస్ కేంద్రాల ద్వారా వెళ్తుంది. తెలుగు రాష్ట్రాలు చెన్నైలోని జపాన్ కాన్సులేట్ పరిధిలోకి వస్తాయి. ఈ వీసాలో ఒక మెలిక ఉంది. పాస్‌పోర్టులో స్టిక్కరు ఉండదు కాబట్టి విమానాశ్రయంలో వీసా జారీ పత్రాన్ని ఫోన్‌లో ఇంటర్నెట్ ద్వారా అప్పటికప్పుడు తెరిచి చూపించాలి. ముందే తీసి పెట్టుకున్న స్క్రీన్‌షాట్, పీడీఎఫ్, ముద్రించిన కాగితం చెల్లవు. అందువల్ల వయసు పైబడిన తల్లిదండ్రులను ఒంటరిగా పంపేవారు వారి ఫోన్‌లో ఇంటర్నెట్ పనిచేసేలా చూసి, పత్రం ఎలా తెరవాలో ఒకటికి రెండుసార్లు చేయించి చూపడం మంచిది. ఇది ఒకేసారి ప్రవేశానికి పనికొచ్చే వీసా; మధ్యలో సియోల్ వెళ్ళి తిరిగి టోక్యో రావాలనుకునేవారికి సరిపోదు. ప్రవేశం, కస్టమ్స్ వివరాలను ‘విజిట్ జపాన్ వెబ్’ అనే ప్రభుత్వ సైట్‌లో ముందుగానే నింపుకుంటే క్యూఆర్ కోడ్ వస్తుంది. ఆ సైట్ ఉచితం. దాని పేరుతో డబ్బు అడిగే సైట్లకు దూరంగా ఉండాలి.

సామానులో రెండు జాగ్రత్తలు మనవారికి ప్రత్యేకంగా చెప్పాలి. మొదటిది మందులు. జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ పది శాతం మించితే జపాన్‌లోకి తీసుకువెళ్ళడం నిషేధం. కొడీన్ కలిసిన దగ్గు మందుల మీదా కఠినమైన పరిమితులు ఉన్నాయి. వైద్యుడు రాసిచ్చిన మందులైనా నెల రోజులకు మించి తీసుకువెళ్ళాలంటే ముందుగా అక్కడి ఆరోగ్య శాఖ నుంచి అనుమతి పత్రం పొందాలి. బీపీ, షుగర్ మందులను మూడు నెలలకు సరిపడా మూటకట్టుకునే అలవాటు ఉన్నవారు ఈ నిబంధనను తప్పక పట్టించుకోవాలి. రెండోది పచ్చళ్ళు. ఆవకాయతో ఇబ్బంది రాకపోవచ్చు గాని నాటుకోడి పచ్చడి, మటన్ పచ్చడి మాంస ఉత్పత్తుల కిందికి వస్తాయి. ఎంత గట్టిగా సీలు వేసినా వాటిని అనుమతించరు. తాజా ఆకుకూరలు, పళ్ళ వంటివాటికి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. అది లేకుండా తీసుకువెళ్ళడం చట్టవిరుద్ధం.

విమానం టికెట్టు కొనేటప్పుడే రైలు ఖర్చు సగం తేలిపోతుందన్న సంగతి చాలామంది గమనించరు. తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్ళేవారు ఢిల్లీ, బెంగళూరు, సింగపూర్, బ్యాంకాక్ వంటిచోట్ల విమానం మారి టోక్యో చేరుతుంటారు. తిరుగు టికెట్టు కూడా టోక్యో నుంచే తీసుకుంటే, క్యోటో, ఒసాకా చూసి మళ్ళీ ఐదు వందల కిలోమీటర్లు వెనక్కి రావాలి. అదే టోక్యోలో దిగి ఒసాకా దగ్గరి కన్సాయ్ విమానాశ్రయం నుంచి తిరిగి బయలుదేరేలా టికెట్టు తీసుకుంటే ఒక పూట, ఒక మనిషికి సుమారు 14 వేల యెన్లు మిగులుతాయి. ఆగ్నేయాసియా నగరాల మీదుగా ఇలాంటి టికెట్లు సులభంగానే దొరుకుతాయి. నన్నడిగితే మొత్తం ప్రణాళికలో అన్నిటికన్నా లాభదాయకమైన నిర్ణయం ఇదే.

ఒకే రైలు, ముగ్గురు యజమానులు

టోక్యోకు రెండు విమానాశ్రయాలు. హనెడా నగరంలోనే ఉంది. 1978లో తెరిచిన నరీతా పక్కనున్న చిబా ప్రాంతంలో, నగర కేంద్రానికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉంది. నరీతా భూగర్భ స్టేషన్‌లో దిగిన క్షణం నుంచే యజమానుల ప్రశ్న ఎదురవుతుంది. ఒకవైపు జేఆర్ తూర్పు గేట్లు, మరోవైపు కెయ్‌సెయ్ గేట్లు. కెయ్‌సెయ్ వారి స్కైలైనర్ గంటకు 160 కిలోమీటర్ల వేగంతో 36 నిమిషాల్లో టోక్యోలోని నిప్పోరి స్టేషన్ చేరుస్తుంది. జేఆర్ వారి నరీతా ఎక్స్‌ప్రెస్ సుమారు గంటలో టోక్యో స్టేషన్‌కు, ఆపైన షిబుయా, షింజుకులకు వెళ్తుంది. ఏది మేలన్న ప్రశ్నకు వేగాన్ని బట్టి జవాబు చెప్పలేం. ఉయెనో, అసకుసా వైపు బస చేసేవారికి కెయ్‌సెయ్, షింజుకు వైపు వెళ్ళేవారికి జేఆర్ అనుకూలం. మధ్యలో పెట్టెలతో మెట్లెక్కి దిగే శ్రమను లెక్కలోకి తీసుకుంటే పది నిమిషాల తేడాకు విలువ లేదు.

తెలుగువారికి బాగా పనికివచ్చే ఒక దారిని దగ్గరగా చూద్దాం. టోక్యో తూర్పున ఎదోగావా వార్డులో నిషి-కసాయ్ అనే ప్రాంతం ఉంది. 2000 సంవత్సరం నాటి నుంచి భారతీయ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు అక్కడ ఎక్కువగా స్థిరపడ్డారు. పిల్లల దగ్గరికి వెళ్ళే మన తల్లిదండ్రులు కొందరు దిగేది అక్కడే. నరీతాలో కెయ్‌సెయ్ వారి యాక్సెస్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే అది ఒషియాగె స్టేషన్ దాకా కెయ్‌సెయ్ బాధ్యత. ఒషియాగెలో రైలు ఆగుతుంది, సిబ్బంది మారతారు, అదే రైలు టోక్యో మహానగర ప్రభుత్వం నడిపే తోయెయ్ భూగర్భ రైల్వే అసకుసా లైను మీదికి ప్రవేశిస్తుంది. ప్రయాణికుడు సీట్లోంచి లేవనక్కరలేదు, తాను కూర్చున్నచోటే ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి మారిపోయాడన్న సంగతి తెలిసే గుర్తు కూడా ఏమీ ఉండదు. నిహోంబాషిలో దిగి, గేటు దాటి, టోక్యో మెట్రో అనే మూడో సంస్థ తోజాయ్ లైను ఎక్కితే నిషి-కసాయ్ వస్తుంది. రైళ్ళు రెండే అయినా సంస్థలు మూడు. ప్రతి సంస్థా తన పట్టాల మీద దూరాన్ని బట్టి మొదటి కిలోమీటరు నుంచి కొత్తగా చార్జీ లెక్కిస్తుంది. తోయెయ్, మెట్రోల మధ్య మారినందుకు 70 యెన్ల తగ్గింపు ఒక్కటే ఉపశమనం. దూరం ఒకటే అయినా ఒకే కంపెనీ దారిలో వెళ్తే తక్కువ, రెండు కంపెనీల దారిలో వెళ్తే ఎక్కువ చార్జీ పడటానికి కారణం ఇదే. టోక్యోలో భూగర్భ రైళ్ళు ఒక్క సంస్థవే అనుకుని తోయెయ్ నాలుగు లైన్లను, మెట్రో తొమ్మిది లైన్లను కలిపి చూసేవారు, ఒక సంస్థ రోజు పాసు కొని మరో సంస్థ గేటు దగ్గర ఆగిపోతారు.

ఈ చిక్కును చాలావరకు విప్పింది ముందుగా డబ్బు వేసుకుని వాడే కార్డు. జేఆర్ తూర్పు 2001లో సుయికా కార్డును తెచ్చింది. ఒసాకా వైపు ఇకోకా 2003లో, టోక్యో ప్రైవేటు రైల్వేల పాస్మో 2007లో వచ్చాయి. 2013 మార్చి నుంచి ఇలాంటి పది ప్రధాన కార్డులు దేశమంతటా ఒకదాని బదులు ఒకటి చెల్లుతున్నాయి. కార్డును గేటుకు ఆనించి లోపలికి వెళ్ళి, దిగినచోట మళ్ళీ ఆనిస్తే ముగ్గురు యజమానుల వాటాలూ లెక్కకట్టి ఒకేసారి కోసుకుంటుంది. బస్సుల్లో, పానీయాల యంత్రాల దగ్గర, చిన్న కొట్లలోనూ అదే కార్డు పనిచేస్తుంది. అందులో గరిష్ఠంగా 20 వేల యెన్లు ఉంచుకోవచ్చు. స్టేషన్ యంత్రాల్లో కార్డులో డబ్బు వేసుకోవడానికి చాలాచోట్ల నగదే కావాలి. మన బ్యాంకు కార్డుల్లో విదేశీ లావాదేవీలు రిజర్వు బ్యాంకు 2020 నాటి ఆదేశాల వల్ల మొదట నిలిపివేసి ఉంటాయి కాబట్టి, బయలుదేరే ముందే వాటిని తెరిపించుకుని, అక్కడ సెవెన్-ఇలెవెన్ దుకాణాల ఏటీఎంలలో యెన్లు తీసుకోవడం తేలికైన మార్గం.

కార్డుకూ ఒక హద్దు ఉంది, దాన్ని ఎవరూ ముందుగా చెప్పరు. ఏ కార్డైనా ఏ ప్రాంతంలోనైనా చెల్లుతుంది గాని, ఒక ప్రాంతంలో ఎక్కి మరో ప్రాంతంలో దిగితే చెల్లదు. టోక్యో నుంచి పడమటికి వెళ్ళే తోకైదో లైను మీద అతామి స్టేషన్ దగ్గర జేఆర్ తూర్పు హద్దు ముగిసి జేఆర్ మధ్య కంపెనీ హద్దు మొదలవుతుంది. టోక్యోలో కార్డు ఆనించి, ఫూజీ పర్వతం చూడాలని అతామి దాటి నుమాజులో దిగితే గేటు తెరుచుకోదు. నిలుచున్న ఉద్యోగి నగదు తీసుకుని, కార్డు మళ్ళీ పనిచేసేలా చేయించుకోవడానికి ఒక కాగితం రాసిస్తాడు. ఇందులో అతని కోపం గాని ప్రయాణికుడి తప్పు గాని లేదు. రెండు కంపెనీల లెక్కల పుస్తకాలు అక్కడ వేరవుతున్నాయి, అంతే. ఇలా హద్దు దాటే ప్రయాణాలకు ముందే కాగితం టికెట్టు కొనుక్కోవాలి. కాగితం టికెట్టుతో తక్కువ చార్జీకి ఎక్కి దూరం వెళ్ళినా భయపడనక్కరలేదు: బయటికి వెళ్ళే గేట్లకు ముందే చార్జీ సవరణ యంత్రం ఉంటుంది. టికెట్టు అందులో పెడితే ఇంకా ఎంత చెల్లించాలో చూపించి, డబ్బు తీసుకుని, గేటు తెరిచే కొత్త టికెట్టు ఇస్తుంది. మన రైళ్ళలో టికెట్టు దూరం మించితే జరిమానా అన్న భయంతో పెరిగిన మనకు ఈ ఏర్పాటు ఎంతో మర్యాదగా అనిపిస్తుంది.

వేగానికి వేరే టికెట్టు

యజమాని తరువాతి చిక్కు రైలు తరగతి. మామూలు రైలు అన్ని స్టేషన్లలో ఆగుతుంది. ర్యాపిడ్, ఎక్స్‌ప్రెస్, లిమిటెడ్ ఎక్స్‌ప్రెస్ అని మెట్టు పెరిగే కొద్దీ ఆగే చోట్లు తగ్గుతాయి. జేఆర్‌లో లిమిటెడ్ ఎక్స్‌ప్రెస్‌కు ప్రయాణపు చార్జీతో పాటు వేగానికి వేరే టికెట్టు కావాలి. హాంక్యూ రైల్వేలో ఒసాకా-ఉమేదా నుంచి క్యోటో వెళ్ళే లిమిటెడ్ ఎక్స్‌ప్రెస్‌కు మామూలు చార్జీ తప్ప ఏమీ అక్కరలేదు. ఒదాక్యూలో రొమాన్స్‌కార్ అనే లిమిటెడ్ ఎక్స్‌ప్రెస్‌కు మళ్ళీ వేరే టికెట్టు తప్పదు. పేరు ఒకటే అయినా నియమం కంపెనీని బట్టి మారుతుంది. అందుకే ఒసాకా, క్యోటోల మధ్య ప్రయాణం ఈ వ్యవస్థను అర్థం చేసుకోవడానికి మంచి నమూనా. హాంక్యూలో సుమారు 43 నిమిషాలు పడుతుంది, చార్జీ అన్నిటికన్నా తక్కువ, అయితే అది చేరేది క్యోటో స్టేషన్ కాదు, నగరం నడిబొడ్డునున్న కవరమాచి. జేఆర్ స్పెషల్ ర్యాపిడ్ అరగంటలోపే క్యోటో స్టేషన్ చేరుస్తుంది, దానికీ అదనపు టికెట్టు లేదు. షింకాన్‌సెన్ అనే అతివేగ రైలుకు పావుగంట చాలు, కాని అది బయలుదేరేది ఒసాకా స్టేషన్‌లో కాదు, షిన్-ఒసాకాలో; చార్జీ రెండు రెట్లకు మించుతుంది. కవరమాచికి దగ్గరి గియోన్ వీధులకు వెళ్ళేవారు హాంక్యూ ఎక్కడం, స్టేషన్ పక్కన హోటల్ తీసుకున్నవారు జేఆర్ ఎక్కడం తెలివైన పని. ఇంత చిన్న దూరానికి షింకాన్‌సెన్ ఎక్కడం, ఆ అనుభవం కోసమైతే తప్ప, అనవసరం.

షింకాన్‌సెన్ విషయానికి వస్తే, 1964 అక్టోబరు 1న టోక్యో ఒలింపిక్స్‌కు కొద్ది రోజుల ముందు మొదలైన తోకైదో షింకాన్‌సెన్ టోక్యోను షిన్-ఒసాకాతో కలుపుతుంది. దాని టికెట్టు నిజానికి రెండు టికెట్లు. టోక్యో నుంచి క్యోటోకు ప్రయాణపు చార్జీ 8,360 యెన్లు. ఆ మార్గంలో అతి వేగమైన నొజోమి రైల్లో రిజర్వు సీటుతో వేగానికి దాదాపు 5,800 యెన్లు. ఈ రెండూ విడి కాగితాలుగా వస్తే గేటు యంత్రంలో రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకేసారి వేయాలి. ఒక్కటే వేస్తే గేటు మూసుకుపోతుంది. యంత్రం వాటిని అవతలి వైపు తిరిగి ఇస్తుంది, దిగేచోట మళ్ళీ కావాలి కాబట్టి జాగ్రత్తగా తీసుకోవాలి.

కాగితం టికెట్టులో ఒక లాభం దాగి ఉంది. రెండు వందల కిలోమీటర్లు మించిన ప్రయాణాలకు ప్రయాణపు టికెట్టు మీద స్టేషన్ పేరుకు బదులు నగర పరిధి రాసి ఉంటుంది. అంటే టోక్యో 23 వార్డుల్లోని ఏ జేఆర్ స్టేషన్‌లోనైనా ప్రయాణం మొదలుపెట్టవచ్చు, క్యోటో నగర పరిధిలోని ఏ జేఆర్ స్టేషన్‌లోనైనా ముగించవచ్చు. షింజుకులో ఎక్కి, టోక్యోలో షింకాన్‌సెన్ మారి, క్యోటో స్టేషన్‌లో బయటికి రాకుండా మరో జేఆర్ రైలెక్కి అరషియామా వెదురుతోటల దగ్గర దిగినా అదనంగా ఒక్క యెన్ను కట్టనక్కరలేదు. షింకాన్‌సెన్ టికెట్లు అమ్మే స్మార్ట్ ఈఎక్స్ యాప్‌లో కొన్న టికెట్టుకు ఈ సదుపాయం లేదు. అది షింకాన్‌సెన్ స్టేషన్ నుంచి షింకాన్‌సెన్ స్టేషన్‌కే. అయినా ఇంట్లో కూర్చుని సీటు ఎంచుకోవచ్చు కాబట్టి యాప్ చాలామందికి నచ్చుతుంది. సాధారణంగా రిజర్వేషన్లు ప్రయాణానికి నెల ముందు, జపాన్ సమయం ఉదయం పది గంటలకు, మనకు ఉదయం ఆరున్నరకు తెరుచుకుంటాయి.

టోక్యో స్టేషన్‌లో ఇంకో తికమక ఉంది. 14 నుంచి 19 వరకు ప్లాట్‌ఫారాలు జేఆర్ మధ్య వారి తోకైదో షింకాన్‌సెన్‌వి, 20 నుంచి 23 వరకు జేఆర్ తూర్పు వారి ఉత్తర దిశ షింకాన్‌సెన్‌వి. పట్టాలు పక్కపక్కనే ఉన్నా కలవవు, గేట్లు వేరు, బుకింగ్ సైట్లు వేరు. కరెంటు కూడా వేరే: తోకైదో మార్గం 60 హెర్ట్జ్ మీద, ఉత్తర మార్గం 50 హెర్ట్జ్ మీద నడుస్తాయి. ఉత్తరాన ఉన్న సెందాయ్ నుంచి క్యోటో వెళ్ళాలంటే టోక్యోలో దిగి రైలు మారక తప్పదు.

జేఆర్ పాసు కొనాలా?

తెలుగు యాత్రా వీడియోల్లో ఇప్పటికీ వినిపించే సలహా, జపాన్ వెళ్తే ముందు జేఆర్ పాసు కొనమని. 1981 నుంచి ఉన్న, గడువు దాకా జేఆర్ రైళ్ళలో ఎన్నిసార్లైనా తిరగనిచ్చే ఈ పాసు విదేశీ పర్యాటకులకు ఒకప్పుడు నిజంగా వరమే. ఏడు రోజుల పాసు 29,650 యెన్లున్నప్పుడు టోక్యో నుంచి క్యోటోకు వెళ్ళి వస్తే దాదాపు దాని ఖరీదు వచ్చేసేది. 2023 అక్టోబరులో దాన్ని 50 వేల యెన్లకు పెంచారు; పద్నాలుగు రోజులది 80 వేలు, ఇరవై ఒక్క రోజులది లక్ష అయింది. ఇప్పుడు లెక్క వేసి చూద్దాం. టోక్యో నుంచి క్యోటో సుమారు 14 వేలు, క్యోటో నుంచి హిరోషిమా పదకొండున్నర వేలు, హిరోషిమా నుంచి నేరుగా టోక్యోకు ఇరవై వేల లోపు. దాదాపు దేశం సగం దూరం వెళ్ళి వచ్చినా మొత్తం 45 వేలు దాటి కొద్దిగానే అవుతుంది. కన్సాయ్ నుంచి తిరుగు విమానం ఎక్కేవారికి అది 36 వేలే. పైగా పాసుతో అతి వేగమైన నొజోమి ఎక్కాలంటే టోక్యో, క్యోటోల మధ్య మరో 4,960 యెన్లు కట్టాలి. టోక్యో మెట్రోలో, హాంక్యూలో పాసు చెల్లదు. కాబట్టి మొదటిసారి వెళ్ళే కుటుంబానికి ఈ పాసు దాదాపుగా నష్టమే. హొక్కైడో నుంచి క్యూషూ దాకా వారంలో చుట్టేయాలనుకునే వారికి తప్ప దాన్ని కొనమని నేను చెప్పను. ఒక్కో జేఆర్ కంపెనీ తన పరిధి వరకు అమ్మే ప్రాంతీయ పాసులు చవక. కన్సాయ్, హిరోషిమా వైపే తిరిగేవారు, క్యూషూ ఒక్కటే చూసేవారు వాటిని లెక్కవేసి చూడాలి.

పాసు ఉన్నా ఆగిపోయే సందర్భం ఇంకొకటి. కొత్త షింకాన్‌సెన్ మార్గం తెరిచినప్పుడు దానికి సమాంతరంగా ఉన్న పాత మార్గాన్ని జేఆర్ వదులుకోవడం, స్థానిక ప్రభుత్వాలు పెట్టిన కంపెనీ దాన్ని నడపడం అక్కడి ఆనవాయితీ. 2024 మార్చి 16న హొకురికు షింకాన్‌సెన్ త్సురుగా దాకా పొడిగించినప్పుడు ఫుకుయ్ ప్రాంతపు పాత జేఆర్ లైను ఇలాగే చేతులు మారింది. అంతకుముందు ఒసాకా నుంచి కనజావాకు థండర్‌బర్డ్ రైలు నేరుగా వెళ్ళేది. ఇప్పుడు త్సురుగాలో షింకాన్‌సెన్‌కు మారాలి. పాత పుస్తకాలు, పాత వీడియోలు చూసి బయలుదేరేవారికి ఇలాంటి మార్పులే దెబ్బ తీస్తాయి.

పెట్టెలు, బస్సులు, చివరి రైలు

మనవారి పెద్ద సూట్‌కేసుల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. తోకైదో, సాన్‌యో, క్యూషూ షింకాన్‌సెన్లలో పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు మించితే, 2020 మే నుంచి, పెట్టెకు చోటున్న సీటును ముందుగానే రిజర్వు చేసుకోవాలి. దానికి అదనపు రుసుము లేదు. చేసుకోకపోతే వెయ్యి యెన్లు వసూలు చేస్తారు. అంతకన్నా హాయైన దారి పెట్టెను పార్శిల్ చేయడం. 1976లో యమాతో సంస్థ మొదలుపెట్టిన ఇంటింటి పార్శిల్ సేవ నల్లపిల్లి గుర్తుతో ఊరూరా కనిపిస్తుంది. హోటల్ కౌంటరులో పెట్టె ఇచ్చి తరువాతి హోటల్ చిరునామా రాస్తే సాధారణంగా మరునాటికి చేరుతుంది. ఒక రాత్రికి బట్టలు చేతి సంచిలో పెట్టుకుని ఖాళీ చేతులతో రైలెక్కవచ్చు. వృద్ధులు, పసిపిల్లలు ఉన్న కుటుంబాలు ఈ ఖర్చుకు వెనుకాడకూడదు.

బస్సుల్లోనూ ఎవరి పద్ధతి వారిదే. టోక్యో తోయెయ్ బస్సులో ముందు తలుపు నుంచి ఎక్కి అప్పుడే చార్జీ కట్టాలి. క్యోటో నగర బస్సులో సాధారణంగా వెనుక ఎక్కి, దిగేటప్పుడు డ్రైవరు పక్కన కట్టాలి. పల్లె బస్సుల్లో ఎక్కగానే యంత్రం నుంచి అంకె వేసిన చీటీ తీసుకోవాలి; ముందున్న తెరమీద ఆ అంకె కింద చార్జీ స్టాపు స్టాపుకూ పెరుగుతూ కనిపిస్తుంది, దిగేచోట అక్కడున్నంత కట్టాలి. క్యోటో బస్సులు పర్యాటకులతో కిక్కిరిసి ఊరివారికి చోటు లేకుండా పోవడంతో బస్సు రోజు పాసును 2024 మార్చితో పూర్తిగా ఆపేశారు. ఫుషిమి ఇనారి గుడికీ అరషియామాకూ రైలు ఉన్నప్పుడు బస్సు ఎక్కకపోవడం మనకూ సుఖం, ఊరివారికీ మేలు. రైళ్ళు పలచగా నడిచే హొక్కైడో, ఒకినావాల్లో కారు అద్దెకు తీసుకోవచ్చు. భారతదేశం 1949 జెనీవా ఒప్పందంలో ఉంది కాబట్టి ఇక్కడి ఆర్‌టీఓ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ అక్కడ చెల్లుతుంది, డ్రైవింగ్ మనలాగే ఎడమవైపే.

అర్ధరాత్రి ప్రాంతంలో టోక్యో రైళ్ళన్నీ ఆగిపోతాయి. మళ్ళీ తెల్లవారుజామున నాలుగున్నర, ఐదు గంటలకు మొదలవుతాయి. చివరి రైలు పోతే టాక్సీ ఖర్చు హోటల్ గది అద్దెతో పోటీ పడుతుంది. ఏప్రిల్ చివరి నుంచి మే మొదటి వారం దాకా, ఆగస్టు మధ్యలో, సంవత్సరాంతంలో దేశమంతా ప్రయాణంలో ఉంటుంది. ఆ రోజుల్లో నొజోమి రైళ్ళలో రిజర్వేషన్ లేని బోగీలు అసలు ఉండవు. తిరుగు ప్రయాణానికి ఒసాకా నుంచి జేఆర్ కన్సాయ్ ఎయిర్‌పోర్ట్ ర్యాపిడ్ ఎక్కేవారు బోగీ నంబరు చూసి ఎక్కాలి. ఎనిమిది బోగీల ఆ రైలు హినెనో స్టేషన్‌లో రెండుగా విడిపోతుంది: 1 నుంచి 4 వరకు ఉన్న బోగీలు విమానాశ్రయానికి, 5 నుంచి 8 వరకు ఉన్నవి వకయామాకు వెళ్తాయి. పొరపాటున వెనుక బోగీల్లో ఎక్కినా హినెనో దాకా సమయం ఉంటుంది కాబట్టి, ప్రకటన వినగానే అక్కడ దిగి ముందు బోగీల్లోకి మారవచ్చు.